గడ్డకట్టని ఉప్పు

పోయిన వారం కథలో మనం ఛత్రినాకలోని ఆ ఇంట్లోంచి బయటికొచ్చే వేళకు రంగనాయకి పెట్టె మూత బిగించి, "ఇగ నీ ఉప్పు, నీ అదృష్టం" అని కోడలు కౌముదితో అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. పెట్టెలో పొయ్యి మీంచి అప్పుడే దించిన కట్టె పొంగలి గంగాళం. దాని చుట్టూ కౌముది తెచ్చిన స్టీలు డబ్బాలు. డబ్బాల నిండా, మరిగే నీళ్లలో పెట్టి కరిగించిన ఉప్పు.

కూరలో వేసే ఉప్పు కాదు. మందులు పాడవకుండా దూరప్రాంతాలకు పంపే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో కౌముది ఉద్యోగం. చల్లగా ఉండాల్సిన వాటిని చల్లగా, వెచ్చగా ఉండాల్సిన వాటిని వెచ్చగా ఉంచడానికి అక్కడ రకరకాల మైనాలు, ఉప్పులు వాడతారు. అన్నిటి కిటుకూ ఒకటే. కరిగేటప్పుడు వేడిని తమలోకి తీసుకుంటాయి. గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని వదులుతాయి. ఆమె తెచ్చిన ఉప్పు పేరు సోడియం అసిటేట్. యాభై ఎనిమిది డిగ్రీలకు దిగగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మొత్తం గడ్డకట్టేదాకా పక్కనున్న గిన్నెను చల్లారనివ్వదు.

చల్లారనివ్వని పెట్టె ఒకటి ఆ ఇంటికి ఇప్పుడు చాలా అవసరం. బహదూర్‌పురా వైపున్న వేణుగోపాలస్వామి గుడికి ధనుర్మాసమంతా పొంగలి వండి తీసుకెళ్లేది రంగనాయకి భర్త రఘునాథ్ గారి కుటుంబమే. ఆయన తల్లి చేతి నుంచి ఆ గరిటె రంగనాయకి చేతికొచ్చింది. రోడ్డు వెడల్పులో గుడి వంటశాల పోయాక ఇంట్లోనే వండి ఆటోలో పంపుతున్నారు. చలికాలం పొద్దు, దారి పొడుగునా ట్రాఫిక్కు, ఆపైన గంటల తరబడి పంపకం. ఆఖరున వచ్చిన వాళ్ల దొన్నెలో పొంగలి ముద్దకట్టి, నెయ్యి తెల్లగా పేరుకుని ఉంటోంది. మళ్లీ పొయ్యి మీద పెడదామంటే కుదరదు. స్వామి ఆరగించినదాన్ని తిరిగి కాచడం ఆ ఇంటి ఆచారంలో లేదు. ఈ ఏడాది సంతోష్‌నగర్ కేటరింగ్ వాళ్లకు ఇచ్చేద్దామని, వాళ్లయితే గుడి వెనకే షెడ్డు వేసి వండుతారని కమిటీలో అనుకుంటున్నారు. కమిటీ అధ్యక్షుడు ఉమాపతి మాత్రం ఒక్క అవకాశం ఇచ్చాడు. శనివారం మధ్యాహ్నం వచ్చి తన చేత్తో మూత తీస్తానన్నాడు. పొద్దున దించిన పొంగలి అప్పటికీ వేడిగా ఉంటే సేవ వాళ్లదే.

ఇవాళే ఆ శనివారం. పెట్టె మూత బిగించింది ఈ పొద్దున్నే.

కౌముది హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. పెట్టెలోంచి సన్నటి తీగ ఒకటి బయటికొచ్చి ఆమె ఒళ్లో ఉన్న చిన్న మీటరుకు తగులుకుని ఉంది. మీటరు మీద అంకె నలభై ఒకటి.

"యాభై ఎనిమిది దగ్గర ఆగాలె," అంది మీటరుతోనే. "ఆగకుండ దిగిపోయింది."

భర్త వేదాంత్ టీ గ్లాసుతో వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "మన సిటీ బస్సు లెక్క. స్టాపు ఉన్నది. ఆగదు."

"జోకులు ఆపు. మీ అమ్మ వింటది."

"మా అమ్మ వినక్కర్లేదు. వాసన పట్టేస్తది." టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. "ఇంతకు ముందు పైన గదిలో చేసినప్పుడు మంచిగనే అయింది గదా?"

"ఎన్నిసార్లు చేసిన! నీళ్ల గిన్నె పెట్టి చూసిన. మధ్యాహ్నం దాకా చెయ్యి పెట్టనియ్యలే. అవే డబ్బాలు, అదే ఉప్పు, అదే పెట్టె. ఈరోజు ఏం మారిందో సమజైతలేదు."

"నీళ్లకు, పొంగలికి ఫరక్ ఉండదా?" వంటింట్లోంచి రంగనాయకి గొంతు వచ్చింది. "నేను ముందే చెప్పిన. మందులు పంపే డబ్బాలు మందులకే పనికొస్తయి. అన్నానికి పొయ్యి ఉన్నది, కట్టెలున్నయి."

వేదాంత్ కనుబొమ్మలు ఎగరేశాడు, చూశావా అన్నట్టు.

పూజగది తలుపు తెరుచుకుంది. రఘునాథ్ మడిపంచెతో వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా పెట్టె మూత ఎత్తి, గంగాళం పక్కకు చెయ్యి వెనకభాగం ఆనించి చూశాడు. మూత మళ్లీ పెట్టేశాడు.

"సల్లారింది," అన్నాడు. అంతే. ఆయన మాట ఎప్పుడూ అంతే ఉంటుంది. వెళ్లి వసారాలో కుర్చీలో కూర్చున్నాడు.

ఆ ఒక్క మాటకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రంగనాయకి గుమ్మంలోకి వచ్చింది. తడిపి ఆరేసిన మడిచీర, ముడి వేసిన జుట్టు, చేతిలో ఊరికే పట్టుకున్న గరిటె. కోడలి డబ్బాలు తేలిపోవాలని ఆమెకు కోరికేమీ లేదు. పెట్టె కోడలిదే కావచ్చు, లోపలున్న పొంగలి తనది. ఎల్లుండి నుంచి ధనుర్మాసం. ఆ నెలరోజులు పొయ్యి ముట్టించకుండా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది, ఈసారి నెమ్మదిగా.

"అత్తమ్మా, జర ఒక్క డబ్బా మూత తీసి చూపిస్తరా?" గంగాళాన్ని తాకుతున్న డబ్బాలను మడి లేకుండా కౌముది ముట్టుకోకూడదు.

రంగనాయకి పెట్టె తెరిచి, ఒక డబ్బా బయటికి తీసి, మూత తిప్పింది. అత్తాకోడళ్లు ఇద్దరూ తలలు వంచి చూశారు. లోపల ఉప్పు గడ్డగా లేదు. స్నానాలగది బకెట్లో నీళ్లంత తేటగా, అడుగు కనిపిస్తూ ఉంది.

"నీళ్ల లెక్కనే ఉన్నది," అంది రంగనాయకి.

"అదే! ఈపాటికి రాయి లెక్క తెల్లగ గడ్డకట్టాలె. కట్టలే." కౌముది గొంతులో ఒక్కసారిగా ఊపు వచ్చింది. "అంటే వేడి యాడికీ పోలేదు అత్తమ్మా. పొద్దున తీసుకున్న వేడి ఇంకా దాని కడుపులనే ఉన్నది. గడ్డకడితేనే బయటికి ఇస్తది. గడ్డకట్టడం మర్చిపోయింది."

"మర్చిపోవుడేంది? అది మనిషా?"

"మరీ శుభ్రంగ ఉంటే గిట్లనే అయితది. ఒక నలుసన్నా ఉండాలె. దాన్ని పట్టుకుని మిగతాదంతా గడ్డకడతది. పట్టుకోనీకి ఏం లేకపోతే చల్లారినా గూడ నీళ్లలెక్క ఉండిపోతది." ఆమె నుదురు చిట్లించింది. "కానీ ఈ ఉప్పు అంత శుభ్రమైంది కాదు. గోనెసంచిలకెళ్లి తీసి పోసిన. డబ్బా మూతి చుట్టూ తెల్లగ పొక్కులు గూడ ఉండె. ఆ పొక్కులే నలుసుల లెక్క పనిచేసినయి అన్నిసార్లు. ఈరోజు అవి యాడికి పోయినయి?"

రంగనాయకి డబ్బా మూత చాలా జాగ్రత్తగా, అవసరమైన దానికంటే ఎక్కువసేపు తిప్పుతూ బిగించింది.

అప్పుడు పెరటి గోడ అవతలి నుంచి పక్కింటి రుక్మాబాయి కేక పెట్టింది.

"ఓ రంగక్కా! నీ దండెం మీది గుడ్డకు ఏం గంజి పెట్టినవే? గాలికి టకటకా ఒకటే సప్పుడు! మా ముసలాయన, ఎవడో తలుపు కొడుతున్నడని రెండుసార్లు లేచి పోయి చూసొచ్చిండు!"

"గంజి లేదు, ఏం లేదు, నువ్వు పో!" అంది రంగనాయకి గబగబా.

"గంజి లేకుండ గుడ్డ అప్పడం లెక్క ఎట్ల అయితది? అబ్బా, నాకు గూడ చెప్పు, మా ఆయన ధోవతులకు పెడత!"

కౌముది అప్పటికే పెరటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. దండెం మీద మడిబట్టలు ఆరవేసే చివర తెల్లటి నూలుగుడ్డ వేలాడుతోంది. వేలాడడం కాదు, పలకలా నిలబడి గోడకు కొట్టుకుంటోంది. ఎండ పడినచోటల్లా పంచదార చల్లినట్టు మెరుస్తోంది.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. "అత్తమ్మా. ఆ గుడ్డతో ఏం వడగట్టిన్రు?"

రంగనాయకి గరిటెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నిన్న నువ్వు ఆఫీసుకు పోయినంక," అంది, గోడ వైపు చూస్తూ. "ఆ డబ్బాలు పైనుంచి దింపి చూసిన. మూతి చుట్టూ తెల్లగ పొక్కులు పొక్కులు. గసువంటి డబ్బాలు స్వామి పొంగలి పక్కన ఎట్ల పెడత? మూతలు తీసిన. ఉప్పు కరిగించిన. మడిగుడ్డ మూడు మడతలు పెట్టి వడగట్టిన. అడుగున ఇంత మట్టి వచ్చింది తెలుసా? డబ్బాలు చింతపండు పెట్టి తోమిన. మూతలు మరిగే నీళ్లల్ల వేసి తీసిన. మళ్ల పోసి పెట్టిన."

"నువ్వా?" అన్నాడు వేదాంత్ వెనక నుంచి. "'ఆ కంపెనీ డబ్బాలు నేను ముట్ట' అని మొన్న లొల్లి చేసింది ఎవరమ్మా?"

"ముట్టకుంటే ఎట్ల రా? పిల్ల పగలు ఆఫీసు, సాయంత్రం ఈ డబ్బాలు. కండ్ల కింద నల్లగైంది. జర నేను గూడ ఒక చెయ్యి వేస్తే..." ఆమె గొంతు తగ్గింది. "చెయ్యి వేసి చెడగొట్టిన."

కౌముదికి కోపం రావాల్సింది. ఆ డబ్బాలు తనను అడగకుండా తెరిచారు. వారాల తరబడి చేసిన పని చింతపండు రసంలో కొట్టుకుపోయింది. కానీ ఆమె కళ్లముందు ఇంకో దృశ్యం కదిలింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కి దిగి, ఒక్కొక్క డబ్బానే మోసుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా కూర్చుని తోముతున్న అత్తగారు. ముందు పెదవులు బిగించుకుంది. తర్వాత ఆగలేదు. పకపకా నవ్వింది.

"ఏందే నవ్వుతవ్?"

"మా కంపెనీల ఉప్పును ఇంత శుభ్రం చేయాలంటే పెద్ద మిషన్ కావాలె అత్తమ్మా. మీరు మడిగుడ్డతోటి చేసేసిన్రు!"

రంగనాయకికి అది మెచ్చుకోలో వెక్కిరింతో తేలలేదు. "అయితే ఇప్పుడు దాంట్ల మళ్ల మట్టి కలపాల్నా?" అంది అనుమానంగా.

"మట్టి కాదు. ఆ గుడ్డకు పట్టింది చూడున్రి, అది ఆ ఉప్పే. ఆరి గట్టిపడ్డది. అది చిటికెడు వేస్తే చాలు. పాలకు తోడు వేసినట్టు."

"తోడా?" రంగనాయకి ముఖం విప్పారింది. తోడు అంటే ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. "గట్ల చెప్పు మరి! నలుసు, కడుపు, మర్చిపోవుడు అనుకుంట ఏదేదో చెప్తవు."

దండెం కర్రతో గుడ్డను దించింది. అది పళ్లెంలో పడేటప్పుడు నిజంగానే అప్పడంలా టక్కుమంది. వేలిగోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. గోడ మీదుగా తల పెట్టి రుక్మాబాయి అంతా చూస్తూనే ఉంది.

"ఏం చేస్తున్నరే అత్తాకోడండ్లు? నాకు చెప్పరా?"

"ఉప్పుకు తోడు పెడుతున్నం!" అంది రంగనాయకి.

"అరె, ఉప్పుకు తోడేంది? తల తిరిగిందా నీకు?"

రంగనాయకి అప్పటికే లోపలికి నడిచింది. మొదటి డబ్బా మూత తీసి, రెండు వేళ్లతో చిటికెడు పొడి పట్టుకుని, కోడలి వైపు చూసింది. కౌముది తలూపింది. పొడి నీళ్లలో పడింది.

పడినచోట తెల్లటి చుక్క పుట్టింది. చుక్కలోంచి సన్నటి సూదులు నాలుగు వైపులా పరిగెత్తాయి. సూదుల్లోంచి ఇంకా సూదులు. కన్నార్పి తెరిచేలోపు తేట నీళ్లంతా పైనుంచి కిందికి తెల్లబడుతూ పోయింది, ఎవరో లోపల కూర్చుని గబగబా ముగ్గు వేస్తున్నట్టు. అడుగు కనిపించడం మానేసింది.

"అమ్మో! అమ్మో!" రంగనాయకి డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఉంది. "వేడి! చూడే, చెయ్యి కాలుతున్నది! ఏ నిప్పు లేదు, ఏం లేదు!" కాలుతోందంటూనే వదల్లేదు. చివరికి కొంగు చుట్టుకుని గంగాళం పక్కన పెట్టి, రెండో డబ్బాకు చెయ్యి చాపింది.

"నేను చెప్తాలే అత్తమ్మా, ఎంత వేయాల్నో..."

"నువ్వు నాకు చెప్తవా తోడు ఎంత వేయాల్నో? ముప్పై ఏండ్లయింది పెరుగు తోడు పెట్టబట్టి. జరుగు."

ఒక్కో డబ్బాకూ "వచ్చింది, వచ్చింది" అంటూ వంగి చూసింది. ఆఖరిది వేసేటప్పుడు వేదాంత్ కూడా, నేనొకటి వేస్తానని చెయ్యి చాపితే, మడి లేదని మొట్టికాయ పెట్టినంత పని చేసింది. మూత బిగించారు. కౌముది మీటరు అందుకుంది. నలభై ఒకటి కాస్త ఆగింది. నలభై రెండు అయింది. తర్వాత తాపీగా, మెట్లెక్కే పెద్దమనిషిలా, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

వసారాలో కుర్చీ కిర్రుమంది. రఘునాథ్ ఇటు తిరిగి ఇదంతా చూశాడని అప్పుడు ఎవరూ గమనించలేదు.

ఉమాపతి మెడకు మఫ్లరు చుట్టుకుని మధ్యాహ్నం వచ్చాడు. భీమవరం వైపు మనిషి. ప్రభుత్వోద్యోగం కోసం వచ్చి, రిటైరయ్యి కూడా ఇక్కడే ఉండిపోయాడు. వచ్చీ రావడంతోనే, "అమ్మగారూ, ముందే చెబుతున్నానండీ. నాకేం మొహమాటం లేదు. చల్లగా ఉంటే చల్లగా ఉందనే చెబుతాను. కమిటీ వాళ్లు నన్ను తినేస్తున్నారు," అన్నాడు.

"తినున్రి, తర్వాత చెప్పున్రి," అంది రంగనాయకి.

ఆయన స్వయంగా మూత తీశాడు. ఆవిరి ఆయన కళ్లజోడును కమ్మేసింది. కళ్లజోడు తుడుచుకునే లోపలే రంగనాయకి దొన్నెలో పొంగలి పెట్టేసింది. నెయ్యి అంచుల్లో కదులుతోంది. మిరియాల వాసన హాలంతా పరుచుకుంది. ఉమాపతి మొదటి ముద్ద ఊదుకుని తిన్నాడు. రెండోది ఊదుకోకుండా తిని నాలుక కాల్చుకున్నాడు.

"ఆహా! ఏవండీ ఇది? పొద్దున దించింది కాదండీ! నిజం చెప్పండి, నేను వస్తున్నానని తెలిసి ఇప్పుడే దించారు కదూ?"

"పొయ్యి చూసుకోండి అంకుల్, బూడిద కూడా చల్లారిపోయింది," అన్నాడు వేదాంత్.

ఉమాపతి నిజంగానే వంటింటి గుమ్మం దాకా వెళ్లి తొంగి చూసి వచ్చాడు. "భేష్! అయితే ఇంకేముంది, ఈ ఏడు సేవ మీదే. కేటరింగ్ వాళ్లకి ఇప్పుడే ఫోను కొట్టేస్తా." జేబులోంచి ఫోను తీశాడు.

"ఉమాపతి గారూ, జర ఆగున్రి."

రఘునాథ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పొద్దున నేను చెయ్యి పెట్టి చూసిన. గంగాళం సల్లారింది. ఇప్పుడు ఆవిర్లు వస్తున్నయి. అంటే మళ్ల వేడెక్కింది. మళ్ల వేడి చేసిన ప్రసాదం నేను పంచ."

ఉమాపతి ఫోను చేతిలో పట్టుకుని, నమిలే ముద్దను నమలాలా వద్దా అన్నట్టు ఆగిపోయాడు.

"పొయ్యి ఎక్కిందా?" అంది రంగనాయకి.

"లేదు."

"నిప్పు చూసిందా?"

"లేదు. అయినా వేడెక్కింది గదా."

"మీ అమ్మ ఉన్నప్పుడు గంగాళానికి గొంగడి చుట్టి పెడుతుండె. అది తప్పా?"

"గొంగడి ఉన్న వేడిని కాపాడతది. కొత్తగ వేడి పుట్టియ్యదు." ఆయన గొంతు పెంచలేదు. కొట్లాడే మనిషి కాదు. ఎన్నేళ్ల నుంచో చేతిలో ఉన్న నియమం, దాన్ని ఎక్కడ వదలాలో తెలియక పట్టుకుని ఉన్నాడు, అంతే. "ఇది కొత్త వేడి."

"కొత్తది కాదు మామయ్యా," అంది కౌముది.

ఆయన కోడలి వైపు తిరిగాడు. ఆయనతో ఆమె ఇన్నాళ్లలో ఎదురుమాట చెప్పింది లేదు. ఒక్క క్షణం తడబడి, మళ్లీ కూడదీసుకుంది.

"పొద్దున అత్తమ్మ పొయ్యి మీదనే నీళ్లు మరిగించిన్రు. ఆ నీళ్లల్ల ఈ డబ్బాలు పెట్టిన్రు. ఉప్పు ఆ వేడి తీసుకునే కరిగింది. ఇప్పుడు గడ్డకట్టుకుంట ఆ వేడే ఇచ్చింది. బయటికెళ్లి ఏం రాలేదు."

"మరి నడుమ సల్లారింది గదా. అప్పుడు ఆ వేడి యాడ ఉన్నది?"

మంచి ప్రశ్న. కంపెనీలో కొత్తగా చేరినప్పుడు ఆమె కూడా అడిగిందే. "కరిగి ఉండుట్లనే ఉన్నది మామయ్యా. చేతికి తగలదు. మీటరుకు అందదు. కరిగి ఉన్నంత సేపు లోపల దాగి ఉంటది. అసలైతే అది సల్లారకముందే గడ్డకట్టాలె. గంగాళం ఒక్క క్షణం గూడ సల్లారొద్దు. ఈరోజు కట్టలే. ఎందుకంటే ఉప్పు మరీ..." అత్తగారి ముఖం చూసి ఆగింది. "ఈరోజు ఒక చిన్న పొరపాటు అయింది."

"నాదే పొరపాటు," అంది రంగనాయకి. "కడిగితే గూడ తప్పయితదని నాకేం ఎరుక?"

రఘునాథ్ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గంగాళం మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు. వేడికి చెయ్యి తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఉమాపతి మెల్లిగా ముద్ద మింగాడు.

"సరే," అన్నాడు చివరికి రఘునాథ్. "సల్లారకముందే ఆ ఉప్పు గడ్డకడితే, వేడి నిలిచినట్టు. అది గొంగడి. నాకు అభ్యంతరం లేదు. సల్లారినంక గడ్డకడితే అది పొయ్యి. ఎల్లుండి గుడిల నేనే చెయ్యి పెట్టి చూస్తుంట. ఒక్కసారి సల్లగ తగిలిందా, ఆ గంగాళం పంచనియ్య. స్వామి సొమ్ము, నా ఇష్టం కాదు."

"అంటే తొలిరోజే జనం ఉత్తి చేతులతో..." ఉమాపతి మఫ్లరు వదులు చేసుకున్నాడు. "స్వామీ, నా ప్రాణం తీస్తారండీ మీరు!"

కానీ రంగనాయకి ముఖంలో వెలుగు వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట, కొత్తదానికి "అభ్యంతరం లేదు" అన్న మాట ఆమె వినడం ఇదే మొదలు. "అయితది. తోడు సరైన వేళకు పడితే సల్లారనే సల్లారదు. ఏమే?"

కౌముది అప్పటికే లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క ఆమెకు నచ్చలేదు.

"మళ్ల ఆ పొక్కుల డబ్బాలే పెడదామంటే స్వామి పక్కన మీరు పెట్టనియ్యరు. ఇగ వేళ దగ్గరనే ఉన్నది చిక్కు అత్తమ్మా. మరీ వేడి మీద ఉన్నప్పుడు తోడు వేస్తే కరిగిపోతది. జర దిగినంక వేయాలె. యాభై ఎనిమిదికి దిగేసరికి గంగాళం గుడికి చేరి, నైవేద్యం గూడ అయిపోయి ఉంటది. అంటే ఆడనే వేయాలె. మీటరు చూసుకుంట, టైముకు."

"నువ్వు పోయి వేయి మరి."

"పంచే గంగాళం పక్కన డబ్బాలు. మడి ఉండాలె గదా?"

"మీ మామయ్య వేస్తడు."

"నేను అర్చనల ఉంట," అన్నాడు రఘునాథ్. "చెయ్యి ఆనించుడంటే కూసున్న కాడికెళ్లి చూస్త. నడుమ లేచి ఉప్పు డబ్బాల మూతలు తియ్యాల్నా?"

అందరూ రంగనాయకి వైపు చూశారు. మడి తెలిసి, తోడు వేయడం తెలిసి, అర్చనలో లేనిది ఆమె ఒక్కతే. కానీ తొలి గంగాళం గుడికి బయలుదేరగానే ఆమె పంచేవాళ్ల కోసం రెండో గంగాళం పొయ్యి మీద పెట్టాలి. అది నైవేద్యానికి వెళ్లేది కాదు కాబట్టి మడి పట్టింపు లేదు, అయినా అదీ ఆమె పనే. ఆ గరిటె ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు ఆమె. జ్వరంతో ఒళ్లు కాలుతున్నప్పుడు కూడా, పక్కన పీట వేసుకుని కూర్చుని తానే తిప్పింది.

ఆమె పెట్టె వైపు చూసింది. లోపల తెల్లగా గడ్డకట్టిన డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఇందాకటి సూదులు పరిగెత్తిన తీరు ఆమె కళ్లలో ఇంకా ఆడుతున్నట్టుంది.

"నేనే పోత," అంది. "తోడు నేనే వేస్త. మీటరు చూసుడు గూడ నేర్చుకుంట. అంకెలే గదా."

"మరి రెండో గంగాళం?" అన్నాడు రఘునాథ్.

"కౌముది వండుతది."

వేదాంత్‌కు పొలమారింది. పెళ్లయిన కొత్తలో భార్య చేసిన ఉప్మాను గిన్నెలోంచి విడదీయడానికి అట్లకాడ వంగిపోయిన సంగతి అతనికి తెలుసు. ఇప్పుడది చెప్పే సందర్భం కాదని కూడా తెలుసు.

"అత్తమ్మా, నాకు పొంగలి రాదు," అంది కౌముది నీరసంగా.

"నాకు మాత్రం నీ ఉప్పు వచ్చా? రేపు ఆదివారం. ఒక్క పూట కూసుంటే వస్తది."

"అంత మందికి..."

"కొంచెం మందికైతే ఎవరైనా చేస్తరు."

ఉమాపతి దొన్నె ఖాళీ చేసి, వేళ్లు నాకబోయి మానుకుని, ఫోను మళ్లీ తీశాడు. "ఇదిగో అమ్మాయ్, నాకొక్క మాట చెప్పు. కేటరింగ్ వాళ్లు రేపు షెడ్డు వేయడానికి మనుషుల్ని పంపుతామన్నారు. వద్దని చెప్పేయనా? లేక ఎందుకైనా మంచిదని కాస్త ఉండమని చెప్పనా? ఒకసారి వద్దన్నాక మళ్లీ రారు, అది గుర్తుంచుకో."

మామగారు చూస్తున్నాడు. అత్తగారు చూస్తోంది. పెరటి గోడ మీదుగా రుక్మాబాయి కూడా చూస్తోంది.

"వద్దనే చెప్పండి అంకుల్," అంది కౌముది.

ఉమాపతి నంబరు నొక్కి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వసారాలోకి వెళ్లాడు. "హలో, ఆఁ, నేనేనండీ, గుడి నుంచి..." అన్న మాట వినిపించాక గానీ కౌముదికి స్ఫురించలేదు. గంగాళంలో బియ్యం ముందు పడతాయో, పెసరపప్పు ముందు పడుతుందో కూడా తనకు తెలియదు.